రావి మొక్కకు సన్మానం చెయ్యండి

హైదరాబాద్ నయాపూల్ దాటి, మదీనా చౌరస్తా మీదుగా పత్తర్‌గట్టీలో నాలుగడుగులు వేస్తే చాలు, పాత కట్టడాలంటే మనకెంత ప్రేమో కళ్ళకు కడుతుంది. 1908 మూసీ వరద ఊరిని ముంచెత్తాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఆ బోర్డు రాతి కమానులతో ఒకే వరుసన కట్టించిన బజారు ఇది. ఎండావానా తగలకుండా జనం నడవాలని ముందు వసారాలు పెట్టారు పాపం. ఇప్పుడు ఆ రాయే ఎండకు కందిపోకుండా కొట్ల బోర్డులూ, నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలూ కప్పి కాపాడుతున్నాం.

ఆ దగ్గర్లోనే దివాన్ దేవిడీ, సాలార్‌జంగుల నివాసం. మూడో సాలార్‌జంగ్ పోగుచేసిన వస్తువులతో 1951లో మ్యూజియం తెరిచింది ఇక్కడే. 1968లో వాటిని కొత్త భవనానికి తరలించారు. గడియారాలు క్షేమం, కత్తులు క్షేమం. ఇల్లు మాత్రం ఏ అద్దాల బీరువాలోనూ పట్టలేదు గనక దుకాణాలుగా మారిపోయింది. చార్మినార్‌కు చేరువలో ఉండిన మాల్వాలా ప్యాలెస్‌ది ఇంకా ముచ్చటైన కథ. నిజాముల కాలపు దస్తావేజులు భద్రపరిచిన దఫ్తర్‌దార్ల ఇల్లది. 2000లో కూల్చేశారు. ఇప్పుడది రికార్డుల్లోనే ఉంది. ఆ వంశానికి అంతకన్నా తగిన గౌరవం ఏముంటుంది?

అయినా గునపంతో కూల్చడం మోటు పద్ధతి. మర్యాదస్థులు చేసే తీరు వేరు. మిద్దె మీద తూము కారుతుంటే బాగుచేయించరు. గోడ పగుల్లో కాకి పుణ్యమా అని రావి మొలకెత్తుతుంది. దాన్ని పీకరు, పాపం కదా! దానికి జీతం అక్కర్లేదు, ఎన్‌వోసీ అక్కర్లేదు. డంగు సున్నంలోకి వేళ్ళు దించి, టేకు దూలాన్ని నెమ్మదిగా పక్కకు జరుపుతుంది. ఈలోగా అమెరికాలో ఉన్న వారసుడి సంతకం రాదు, కింద వాటాలో అద్దెకున్నవాడు కదలడు, దావా తెమలదు. ఏటా వానలకు ముందు ‘శిథిల భవనం’ అని నోటీసు అతికించడానికి మున్సిపాలిటీ మాత్రం ఠంచనుగా వస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క పెంకు మార్చడానికి పైసా ఇవ్వనివాళ్ళకు హఠాత్తుగా ఆ ఇంటివాళ్ళ ప్రాణాల మీద ఎక్కడలేని మమకారం పుట్టుకొస్తుంది. పొక్లెయిన్ నిమిత్తమాత్రం.

ఇంతమంది ఒక్కమాట మీద పనిచేస్తుంటే నిబంధనలు అడ్డుండటం బాగోదని కాబోలు, వారసత్వ కట్టడాలకు కాస్తో కూస్తో రక్షణగా ఉన్న 13వ నిబంధనను 2015లో ప్రభుత్వమే ఎత్తేసింది. అయినా తొందరపాటు పనికిరాదు. 2019లో పాతకాలపు భవంతి ఇర్రం మంజిల్‌ను పడగొట్టి అసెంబ్లీ కడతామంటే హైకోర్టు కుదరదంది. అదే పని రావి మొక్కకు అప్పగించి ఉంటే ఏ కోర్టు స్టే ఇచ్చేది?

ఇంటివాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాదు. వారసత్వ కట్టడాల జాబితాలో పేరెక్కించి, కిటికీ మార్చొద్దని చెప్పిన సర్కారు ఆ కిటికీకి కొయ్య కొనిచ్చిందా? సున్నపు పని తెలిసిన మేస్త్రీ దొరికినా కూలి ఎవరిస్తారు? పన్ను బాకీ పడితే మాత్రం ఊరుకోరు. 1965లో సర్దార్ మహల్ అంతటి భవంతినే బకాయిల కింద కార్పొరేషన్ తీసేసుకుంది. ఊరి పరువంతా ఒక పింఛనుదారు నెత్తిన పెట్టి, ఆదివారం పొద్దున కెమెరాలతో వాలి, ‘అయ్యో, అమ్మేస్తున్నారా అంకుల్?’ అనడం మన వంతు.

ఆ అంకుల్ మనవడి పెళ్ళి ఊరి చివర ఫంక్షన్ హాల్లో కుదిరింది. దేవిడీ థీమ్. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కమానులు, థర్మాకోల్ జాలీలు, బంగారు రంగు పూసిన స్తంభాలు. తాతగారింటి తలుపుల్ని పాతసామాను వాడికి ఎంతకిచ్చారో గానీ, ఈ డెకరేషన్‌కు అడ్వాన్సే లక్షల్లో ఇచ్చారు. జీఎస్టీ అదనం.