గాలికెదురు

మా పిడుగురాళ్లలో గాలి లేస్తే సంతోషించేవాడు లేడు. సున్నం బట్టీల చుట్టుపక్కలవాళ్లు దండెం మీద బట్టలు లోపలికి లాగుతారు. కల్లంలో మిరపకాయలు ఎండబోసినవాళ్లు పట్టాల మీద పెట్టడానికి రాళ్లు వెతుక్కుంటారు. గాలి రాలేదని దిగులుపడే మనుషులు కూడా ఉన్నారంటే మా వాళ్లు నమ్మరు.

ఉన్నారు. తెరచాప పడవలేసుకుని దీవి నుంచి దీవికి తిరిగేవాళ్లు. మాకు దగ్గర్లో దీవి అంటే నాగార్జునకొండే. సాగర్ నీళ్లు చుట్టుముట్టగా మిగిలిన కొండ కొస. 1966 నుంచి దానిమీద మ్యూజియం ఉంది. మిర్చి వ్యాపారం చేసే మా బావమరిదిని వెంటబెట్టుకుని విజయపురి సౌత్ రేవుకు వెళ్లేసరికి ఈదురుగాలి. లాంచీ తాళ్లు తెంచుకునేలా ఊగుతోంది, పక్కన వేలాడదీసిన టైర్లు గట్టుకు రాసుకుని కిర్రుమంటున్నాయి. గాలి తగ్గితేగాని తియ్యమన్నారు.

"గాలితోనే పడవలు నడుస్తాయంటివి గదా బావా?"

అన్న పాపానికి విప్పి చెప్పాల్సొచ్చింది. తెరచాప పడవ గాలికెదురు తిన్నగా పోలేదు. కాసేపు కుడికి ఓరగా, కాసేపు ఎడమకు ఓరగా, మెలికలు తిరుగుతూ పోవాలి. గాలి మరీ ముదిరితే చాప కొంత దించి, మడిచి కట్టాలి.

"అంటే గుంటూరు యార్డుకు పోవాలంటే ముందు నరసరావుపేట, అక్కణ్ణుంచి అమరావతి, ఆ తర్వాత గుంటూరు. లారీ కిరాయి ఎవడిస్తాడు?"

శాతవాహనుల యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీదే రెండు స్తంభాల ఓడ ఉందిరా అన్నాను. "అప్పుడు ఇంజన్లు లేవుగా" అన్నాడు.

ఇక 'తారిణి' కథ ఎత్తుకున్నాను. 55 అడుగుల తెరచాప పడవ. 2017 సెప్టెంబరులో గోవాలో బయల్దేరి, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, ఫాక్‌లాండ్ దీవులు, కేప్‌టౌన్ రేవుల మీదుగా భూగోళం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. నడిపింది ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు. అందులో ఇద్దరు మన తెలుగువాళ్లే: విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. దారిలో పసిఫిక్ తుపాను గాలులు కూడా తిన్నారు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఎనిమిది నెలలకు ఎన్ని జాడీల పచ్చడి పట్టుకెళ్లారంటావు?" అన్నాడు చివరికి.

ఇంతలో గాలి తగ్గింది. లాంచీ కొండ కేసి తిన్నగా పోతోంది. మావాడు లేచి సరంగు దగ్గరికెళ్లాడు.

"అన్నా, కాస్త అటూ ఇటూ మెలికలు తిప్పు. టిక్కెట్టు గిట్టుబాటవుద్ది."