మెయిల్ ఐడీ అడిగితే అసలుది చెప్పకండి

అడిగినవాళ్ళెవరైనా సరే, మెయిల్ ఐడీ అసలుది ఇవ్వకండి. చుట్టాలకి కూడా. ఈ మాటంటే మా కౌకూర్‌లో పెద్దవాళ్ళు నన్ను అదోలా చూస్తారు. “మన దగ్గర దాచేందుకు ఏముంది బిడ్డా?” అంటారు. మన పేరే ఉంది, అది చాలు మోసగాళ్ళకి. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు ఒకణ్ణి పట్టుకుంటే, వాడి దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలున్నాయని చెప్పారు. 24 రాష్ట్రాల వాళ్ళవి. మరుసటి ఏడాది తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచే జనం వివరాలు బయటికి పోయాయి. పోలీసుల దగ్గరే నిలవనిది చెప్పుల కొట్టులో నిలుస్తుందా?

అందుకే అసలు ఐడీ బదులు మనిషికో మారుపేరు, కొట్టుకో మారుపేరు. ఇలాంటి మారుపేరు ఐడీలు ఫైర్‌ఫాక్స్ రిలే ఉచితంగా 5 ఇస్తుంది, సింపుల్‌లాగిన్ 10 ఇస్తుంది. ఐక్లౌడ్ ప్లస్ కట్టేవాళ్ళకి ఆపిల్ ఫోన్‌లోనే ఆ సదుపాయం ఉంది. మారుపేరుకి వచ్చిన మెయిల్ తిన్నగా మీ అసలు ఇన్‌బాక్స్‌లోనే పడుతుంది, పంపినవాడికి మీ అసలు చిరునామా తెలియదు. జీమెయిల్‌లో పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి కొట్టు పేరు తగిలించమని చాలామంది చెబుతారు. వినకండి. ప్లస్ దగ్గర్నుంచి చెరిపేస్తే మిగిలేది మీ అసలు ఐడీయే.

శామీర్‌పేట రోడ్డు మీద వెంచర్ల వాళ్ళు టెంటు వేసి లక్కీ డ్రా చీటీలు నింపిస్తుంటారు. బల్లకి దారంతో కట్టిన పెన్ను, చీటీలో మూడు గడులు: పేరు, సెల్ నంబరు, మెయిల్. అలాంటి ఒక చీటీలో నేను ఆ టెంటు కోసమే పుట్టించిన మారుపేరు రాశాను. కొన్నాళ్ళకి దానికే గోల్డ్ లోన్ మెయిల్ వచ్చింది, తర్వాత ఇన్సూరెన్స్‌ది. ఆ ఐడీ ఆ చీటీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎక్కణ్ణుంచి పోయిందో ఎవర్నీ అడగక్కర్లేకుండా తేలిపోయింది. సెల్ నంబరు గడి మాత్రం ఖాళీగా వదిలేయండి. నంబరు ఇచ్చాక మెయిల్ దాచి లాభం లేదు.

ఇలాంటి మెయిల్ వస్తే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కమంటారు. నొక్కకండి. ఇటువైపు మనిషున్నాడని మోసగాడికి మీరే చెప్పినట్టవుతుంది. ఆ మారుపేరును ఆపేయండి. రేపట్నుంచి వాడేం పంపినా మీదాకా రాదు.

చుట్టాల సంగతి. మేనత్త కొడుకు పెళ్ళి పిలుపు పంపుతూ అందరి ఐడీలూ ఒకే వరసలో పెడతాడు. ఆ వరసలో ఒక్కడి ఫోన్‌లో కాంటాక్టులు లాగే యాప్ ఉన్నా మీ ఐడీ పోయినట్టే. అందుకని పెళ్ళిపిలుపులకో మారుపేరు పెట్టుకోండి, మొహమాటపడొద్దు. బావ నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

బ్యాంకుకీ, ఇన్‌కం టాక్స్‌కీ మాత్రం మారుపేరు వద్దు. మారుపేరు ఇచ్చే సర్వీసు మూతపడిందంటే రావలసిన మెయిల్ రాదు, పాస్‌వర్డ్ మార్చుకునే దారీ ఉండదు. వాటికి విడిగా ఒక అసలు మెయిల్ ఖాతా తెరవండి. దాన్ని ఇంకెక్కడా రాయకండి, ఫార్వర్డ్‌ల కోసం ఇంట్లోవాళ్ళకి కూడా ఇవ్వకండి.

ఇప్పటికే ఏదో లింకు నొక్కి డబ్బు పోగొట్టుకుని ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతూ ఉంటుంది.