ఇరవై నాలుగో గడి

నన్ను టైపు చేసినవాడికి నా మీద పెద్దగా ధ్యాస లేదు. అందుకు వాణ్ణి తప్పు పట్టను. 1970 మార్చి నెల, అమెరికా పడమటి తీరంలో ఒక సైనిక స్థావరం, ఇంకా తెల్లవారలేదు. వియత్నాం నుంచి విమానం దిగినవాళ్ళు హాలంతా బారులు తీరి ఉన్నారు. వైద్య పరీక్ష, జీతం బకాయిల లెక్క, ఇంటికి వేసుకెళ్ళడానికి కొత్త యూనిఫాం, అన్నీ అయ్యాక ఆఖరి బల్ల దగ్గర నేను.

నా పేరు డీడీ ఫారం 214. సైన్యం ఒక మనిషిని వదిలేటప్పుడు చేతిలో పెట్టే కాయితాన్ని. ఎప్పుడు చేరాడు, ఎక్కడ పనిచేశాడు, ఎలా పనిచేశాడు, ఏమేం సంపాదించాడు, అంతా నాలో గడులు గడులుగా ఉంటుంది. మా వంశం 1950 జనవరిలో మొదలైంది. ఆ మనిషి చచ్చేదాకా నాతో పని పడుతుంది. చచ్చాక మరీ పడుతుంది. శవపేటిక మీద జెండా కప్పాలన్నా, శ్మశానంలో బ్యూగిల్ ఊదించాలన్నా అంత్యక్రియలు జరిపించేవాడు ముందు అడిగేది నన్నే.

కార్బన్ పేపర్లు మధ్యన పెట్టిన కట్టని టైపు మిషన్లో దూర్చి, పక్కన ఫారం 20 అనే వెడల్పాటి అట్ట కార్డు తెరుచుకుని కొట్టుకుంటూ పోయాడు గుమాస్తా. సిపాయి చరిత్రంతా ఆ కార్డులో ఉంటుంది. దాని 41వ గడిలో పతకాలున్నాయి. వాటిని చూసి నా 24వ గడిలోకి ఎక్కించాడు. నేషనల్ డిఫెన్స్ సర్వీస్ మెడల్, వియత్నాం సర్వీస్ మెడల్, వియత్నాం క్యాంపెయిన్ మెడల్, కంబాట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జి. నాలుగే. ఆ కార్డులోనే, 41కి ఆనుకుని, 40వ గడి ఉంది. గాయాల గడి. అందులో పెన్సిలుతో ఒక లైను ఉంది: గ్రెనేడు శకలం, కుడి తొడ, 1969 ఆగస్టు. గాయపడినవాడికి పర్పుల్ హార్ట్ ఉండాలి కదా అని గుమాస్తాకి తట్టలేదు. తట్టినా రాయకూడదు. ఉత్తర్వు ప్రతి ఫైల్లో ఉంటేనే పతకం పేరు కొట్టాలి. ఆ ప్రతి ఫైల్లోకి చేరనే లేదు.

"చదువుకుని సంతకం పెట్టు" అన్నాడు.

చదవడమా! అయోవా పొలాల నుంచి నిర్బంధంగా తీసుకెళ్ళిన కుర్రాడు, ఇరవై రెండేళ్ళవాడు. రెండేళ్ళ సేవలో నెల మిగిలి ఉంది. అయిదు నెలల్లోపు మిగిలుంటే తిరిగొచ్చినవాళ్ళని అక్కడికక్కడే పంపించేసేవాళ్ళు. సంతకం ఎక్కడో చూపిస్తే గీకేశాడు. బస్సు ఎన్నింటికో కనుక్కున్నాడు.

ఊరు చేరాక వాళ్ళ నాన్న పోరగా పోరగా నన్ను కౌంటీ కోర్టుకి తీసుకెళ్ళి రిజిస్టరు చేయించాడు. ఇల్లు కాలినా కాపీ ఉంటుందని అక్కడ చాలామంది చేసే పనే అది. 1969 జులై నుంచి ఆర్మీ పాత సర్వీసు నంబర్లు తీసేసి సోషల్ సెక్యూరిటీ నంబరే వాడటం మొదలుపెట్టింది. అంటే ఆ నంబరు, పుట్టిన తేదీతో సహా, నా ఒంటి మీద ఉంది. కోర్టు పుస్తకాలేమో అప్పట్లో ఎవరైనా తిరగెయ్యగలిగేవాళ్ళు. దొంగలు అలాంటి నంబర్లతో అప్పులు తీసుకునే కాలం వస్తుందని అప్పుడెవరికి తెలుసు!

ఆ తర్వాత నన్ను బయటికి తీసిన ప్రతిసారీ జనం చూసింది ఒక్క గడే, సేవ ఎలాంటిది అనే గడి. అందులో 'ఆనరబుల్' అని ఉంటే చాలు. ఇంటి అప్పు ఇచ్చినవాళ్ళూ అంతే చూశారు, ఉద్యోగం ఇచ్చినవాళ్ళూ అంతే చూశారు. 24వ గడి జోలికి ఎవరూ రాలేదు. మా ఆయన కూడా.

ఈలోగా నాకు తెలియకుండా నాలో లోటు పెరిగింది. పదాతి దళంలో ఆయన వియత్నాంలో ఉన్న ఏడాదిలో మూడు అధికారిక క్యాంపెయిన్లు గడిచాయి: 1969 టెట్ ఎదురుదాడి, ఆ ఏడు వేసవి-శరత్తు, 1970 శీతాకాలం-వసంతం. ఒక్కోదానికి ఒక్కో చిన్న కంచు నక్షత్రం చొప్పున సర్వీస్ మెడల్ రిబ్బను మీద మూడుండాలి. నాలో ఒకటీ లేదు. ఇంకోటి మరీ విచిత్రం. దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఇచ్చిన గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ సైటేషన్‌ని 1965 జులై నుంచి 1973 మార్చి దాకా అక్కడ పనిచేసిన అమెరికా ఆర్మీ దళాలన్నిటికీ కలిపి ఆర్మీ ప్రకటించింది. ఆ జనరల్ ఆర్డర్స్ 8వ నంబరు వచ్చింది 1974లో. అప్పటికి నేను పుట్టి నాలుగేళ్ళు. ఇళ్ళకి పోయిన లక్షలమంది 214లని వెతికి పట్టుకుని ఎవరు సవరిస్తారు? రెండో ప్రపంచ యుద్ధం వాళ్ళకీ ఇదే జరిగింది. కంబాట్ ఇన్‌ఫాంట్రీ బ్యాడ్జి ఉన్నవాళ్ళంతా బ్రాంజ్ స్టార్‌కి అర్హులని 1947లో నిర్ణయించారు. అప్పటికి వాళ్ళంతా పొలాల్లో, ఫ్యాక్టరీల్లో ఉన్నారు. అడిగినవాళ్ళకి వచ్చింది.

నేనంటే సత్యమని జనానికో భ్రమ. టైపు కొట్టిన పూట ఆ బల్ల మీద ఏ కాయితాలున్నాయో అదే నేను.

మా అసలు పుట్టిల్లు సెయింట్ లూయిస్. దేశం మొత్తం మాజీ సిపాయిల ఫైళ్ళు అక్కడే ఉంటాయి. ఆ ఊరి శివారు ఓవర్‌లాండ్‌లో ఉన్న రికార్డుల భవనం ఆరో అంతస్తు 1973 జులై 12న అంటుకుంది. ఫైళ్ళున్న అంతస్తుల్లో మంటలార్పే స్ప్రింక్లర్లు లేవు. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్ళు పోయాయని అంచనా. 1912 నవంబరు నుంచి 1960 జనవరి లోపు ఆర్మీ నుంచి విడుదలైనవాళ్ళ ఫైళ్ళలో నూటికి ఎనభై. నకళ్ళు లేవు, మైక్రోఫిల్ము లేదు. ఏమేం ఉన్నాయో చెప్పే సూచిక కూడా లేదు. మంటకి దొరకనివి నీళ్ళకి నానాయి. వాటిని పాల డబ్బాలు మోసే ప్లాస్టిక్ పెట్టెల్లో వేసి, మెక్‌డొనెల్ డగ్లస్ కంపెనీ వాక్యూమ్ చాంబర్‌లో ఆరబెట్టారు. అంచులు మాడి బతికిన ఫైళ్ళని ఇవాళ్టికీ చేతి తొడుగులు వేసుకుని తిప్పుతారు. మా ఆయన విడుదలైంది 1970లో కాబట్టి మా ఫైలుకి ఆ గండం తప్పింది.

తప్పనివాళ్ళలో వేవర్లీ వుడ్సన్ ఒకడు. 1944 జూన్ 6న ఒమాహా బీచ్‌లో దిగిన నల్లజాతి మెడిక్. 320వ బరాజ్ బెలూన్ బెటాలియన్ మనిషి. ఒడ్డుకి చేరకముందే తనకే దెబ్బలు తగిలాయి. అయినా ముప్ఫై గంటలపాటు క్షతగాత్రులకి కట్లు కడుతూనే ఉన్నాడు. ఆయన ఫైలు ఆ మంటల్లో పోయింది. 2005లో ఆయనా పోయాడు. భార్య వదల్లేదు. డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ 2024లో వచ్చింది. కాయితం లేనివాడికి ఎనభై ఏళ్ళు పట్టింది మరి.

మా కథ అంత పెద్దది కాదు. మా ఆయనకి మోకాళ్ళు అరిగి, చెవులు మందగించాక, కూతురు బలవంతాన కౌంటీలోని వెటరన్స్ సర్వీస్ ఆఫీసరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఆ ఆఫీసరు నడివయసు మనిషి, ఒకప్పుడు తనూ నేవీలో చేసింది. నన్ను అందుకుని, ఆనరబుల్ గడి దాటి కిందికి చదివిన మొదటి మనిషి ఆవిడే.

"మీకు దెబ్బ తగిలిందన్నారు కదా సార్, పర్పుల్ హార్ట్ ఇందులో లేదేం?"

"లేకపోవడమేం, ఇంట్లో ఉంది" అన్నాడాయన. ఆసుపత్రి మంచం మీద ఉండగా ఎవరో ఆఫీసరు వచ్చి దిండుకి గుచ్చి వెళ్ళాడట. మర్నాడు డబ్బీతో సహా పట్టుకొచ్చాడు. ఊదా రంగు రిబ్బను, మధ్యలో వాషింగ్టన్ బొమ్మ.

"పతకం సరే సార్. ఉత్తర్వు ఏది?"

ఆయనకి కోపం వచ్చింది. ప్యాంటు పైకి లాగబోయాడు. కూతురు "నాన్నా, ఆగు" అని చెయ్యి పట్టుకుంది.

"నాకు చూపించక్కర్లేదు. నేను నమ్ముతున్నాను" అంది ఆవిడ. "నమ్మాల్సింది నేను కాదు కదా."

మీ ఊళ్ళో పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పు పడితే పొలంలో నిలబడి గట్టు చూపిస్తే ఒప్పుకుంటారా? పాత అడంగల్ పట్టుకుని తహసీల్దారు దగ్గరికి వెళ్ళాల్సిందే. ఇదీ అంతే. పైగా ఈ పట్టుదలకి కారణం లేకపోలేదు. పతకాలు కొనుక్కోవచ్చు, కథలు అల్లుకోవచ్చు. కాలిఫోర్నియాలో జేవియర్ ఆల్వరేజ్ అనే ఆయన నీటి సరఫరా బోర్డు సమావేశంలో లేచి, తనకి మెడల్ ఆఫ్ ఆనర్ వచ్చిందని కోతలు కోశాడు. ఒట్టి కోతలని నేరం కింద లెక్కించడానికి వీల్లేదని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో మరుసటి ఏడు అమెరికా కాంగ్రెస్ చట్టాన్ని మార్చి, లాభం కోసం చెప్పే అబద్ధానికే శిక్ష పెట్టింది. అలాంటివాళ్ళ పాపం మా ఆయన లాంటి నోరులేనివాళ్ళకి చుట్టుకుంటుంది.

ముందు ఫారం 180 పంపి సెయింట్ లూయిస్ నుంచి పూర్తి ఫైలు తెప్పించింది ఆవిడ. కార్డు నకలు వచ్చింది. 40వ గడిలోని పెన్సిలు గీత మసగ్గానైనా కనిపించింది. ఆ తేదీకి కంపెనీ మార్నింగ్ రిపోర్టు వెతికించింది. కంపెనీలో ఎవరు వచ్చారు, ఎవరు పోయారు, ఎవరు జబ్బుపడ్డారు అన్నది ఏ రోజుకారోజు రాసే పట్టీ అది. మా ఆయన పేరు పక్కన 'డ్యూటీ నుంచి ఆసుపత్రికి' అని ఉంది. ఆవిడ ముఖం వెలిగింది.

ఇక అసలు దరఖాస్తు, ఫారం 149. ఆర్మీ రికార్డుల సవరణ బోర్డుకి. పూర్వం సిపాయి రికార్డులో తప్పు దిద్దాలంటే కాంగ్రెస్‌లో ఆ ఒక్క మనిషి పేర బిల్లు పెట్టాల్సి వచ్చేది. ఆ గోల పడలేక 1946 చట్టంతో ఆ అధికారం సివిలియన్లు కూర్చునే బోర్డులకి అప్పగించారు. తప్పు తెలిసిన మూడేళ్ళలోపు అడగాలన్నది నియమం. న్యాయం కోసం ఆ గడువుని పక్కన పెట్టే వీలూ బోర్డుకి ఉంది. ఫీజు లేదు. వకీలు ఉండి తీరాలనీ లేదు.

మా ఆయన తనకి దెబ్బ తగిలిన రాత్రి ఏం జరిగిందో రెండు పేజీలు రాసుకొచ్చాడు. ఆవిడ మొత్తం చదివి, "ఇది మీ మనవలకి ఇవ్వండి సార్. బోర్డుకి నాలుగు లైన్లు చాలు" అంది. ఏ గడి తప్పు, ఏం చేర్చాలి, రుజువు ఏది. అంతే రాయించింది. ఆ రెండు పేజీల్లో ఒక మెడిక్ ఉన్నాడు. పేరేదైనా ప్లాటూన్లో అందరూ 'డాక్' అనేవాళ్ళు. మా ఆయన్ని భుజాన వేసుకుని వరిచేల గట్టు దాటించినవాడు. నాలుగు లైన్లలో అతనికి చోటు దొరకలేదు.

తీర్పు రావడానికి ఏడాది దాటింది. బోర్డు ఒప్పుకుంది. నన్ను మళ్ళీ శుభ్రంగా టైపు చేస్తారనుకున్నాను. అదేం లేదు, నామీద ఒక్క అక్షరం దిద్దలేదు. డీడీ ఫారం 215 అనే పొట్టి తమ్ముణ్ణి పుట్టించి నాకు జత చేశారు. వాడి భాష వినండి: '24వ గడిలో వియత్నాం సర్వీస్ మెడల్ తొలగించండి. పర్పుల్ హార్ట్ చేర్చండి. మూడు కంచు నక్షత్రాలతో వియత్నాం సర్వీస్ మెడల్ చేర్చండి. గ్యాలంట్రీ క్రాస్ యూనిట్ సైటేషన్ చేర్చండి.' ఉన్న పతకాన్ని తీసేసి అదే పతకాన్ని నక్షత్రాలతో తిరిగి పెట్టడం! సర్కారు పనివాళ్ళు తప్ప ఇలా ఇంకెవరూ రాయలేరు. ఇప్పుడు వాడు లేకుండా నన్నెవరూ చూడరు, నేను లేకుండా వాడికి అర్థమే లేదు.

పర్పుల్ హార్ట్ ఉన్నవాళ్ళని వెటరన్స్ ఆసుపత్రుల్లో 3వ ప్రాధాన్య గ్రూపులో చేరుస్తారు. చికిత్సకి జేబులోంచి కట్టే వాటా ఉండదు. కూతురికి కావాల్సింది అది. కారుకి ప్రత్యేకం నంబరు ప్లేటు వస్తుందంటే మాత్రం మా ఆయన వద్దన్నాడు.

ఒకటి రాలేదు. తనకి ఆర్మీ కమెండేషన్ మెడల్‌కి సిఫార్సు చేస్తానని లెఫ్టినెంటు అన్నట్టు మా ఆయనకి గుర్తు. సిఫార్సు కాయితం గానీ ఉత్తర్వు గానీ ఫైల్లో లేవు కాబట్టి బోర్డు కాదంది. "దానికి వేరే దారుంది సార్, 1130వ సెక్షన్. కళ్ళారా చూసినవాళ్ళు సిఫార్సు రాసి, కాంగ్రెస్ సభ్యుడి ద్వారా పంపితే ఎంత ఆలస్యమైనా పరిశీలించాలి" అని చెప్పింది ఆవిడ.

ఆయన కాసేపు ఊరుకున్నాడు. "నాకు కాదు" అన్నాడు. "డాక్‌కి పనికొస్తుందా అది? వాడు పోయాడు."

"పోయినవాళ్ళకైనా పనికొస్తుంది. ఇంట్లో ఎవరున్నారు?"

భార్య ఉంది, నెబ్రాస్కాలో. ఆవిడ దగ్గరున్న 214 నకలు పోయిన వారమే వచ్చింది. నాకూ దానికీ పోలికలు బాగానే ఉన్నాయి. కాకపోతే దాని 24వ గడిలో మెడికల్ బ్యాడ్జి ఉంది, వియత్నాంలో పనిచేసినందుకు ఇచ్చే రెండు మెడల్సున్నాయి, ఇంకేం లేవు. ప్లాటూన్లో మిగిలినవాళ్ళ ఫోన్ నంబర్లు కూతురు వెతుకుతోంది. మా ఆయన ఈసారి నాలుగు పేజీలు రాశాడు. సర్వీస్ ఆఫీసరు ఒక్క లైను కూడా తగ్గించలేదు. తేదీ, మ్యాప్ మీద గ్రిడ్ నంబరు ఉంటే చేర్చమంది.