శామీర్‌పేటలో రాబందుల వేట

మెడలో బైనాక్యులర్ వేసుకుని శామీర్‌పేట చెరువు కట్టమీద నిలబడితే మనిషికి హోదా అమాంతం పెరుగుతుంది. మొదట వచ్చినాయన ‘‘ఎన్ని ఎకరాలు జూస్తున్నరు సార్?’’ అన్నాడు. ఇంకొకాయన దూరంగానే బండి ఆపి, నేను చెరువు కబ్జాలు కూల్చేవాణ్ననుకుని, ‘‘హైడ్రా సార్లా?’’ అని అడిగి, జవాబు వినకుండానే వెనక్కి తిప్పుకున్నాడు. రాబందుల కోసం వచ్చానంటే నమ్మే మొహం ఒక్కటీ కనపడలేదు.

ఆకాశం ఖాళీగా ఏం లేదు. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు అంత దగ్గర్లో ఉండగా మేడ్చల్ గద్దలకు తిండికేం కరువు? తోక చీలి ఉందా, అది గద్దే. రాబందుకు తోక పొట్టి, రెక్కలు వెడల్పు, చివర్లు విప్పిన వేళ్లలా ఉంటాయి. ఆ వేళ్లే ఎక్కడా లేవు.

గొర్లు కాసే తాత ఒక్కడే అసలు సంగతికొచ్చాడు. ‘‘అవెక్కడియి బిడ్డా ఇప్పుడు! నా చిన్నతనంల గొడ్డు సస్తే, ఊరవతల ఏసి మేం ఇంటికి రాకముందే దిగేటివి. పిలవకున్నా బంతి నిండేది.’’

ఆ బంతిలోనే విషం పడింది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫెనాక్, చచ్చిన గొడ్డు మాంసంతోపాటు రాబందుల ఒంట్లోకి పోయి కిడ్నీల్ని తినేసింది. 2007 నాటికి మన దేశంలో తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒక్కటి చొప్పున మిగిలాయి. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. కుళ్లిన కళేబరాన్ని అరిగించుకునే కడుపు నొప్పిమందు దగ్గర ఓడిపోయింది! ఆ మందు ట్యూబు మా ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది. నా మోకాలికి అదే దిక్కు.

రాష్ట్రంలో అడవి రాబందులంటే చెప్పుకోవాల్సింది ఆసిఫాబాద్ జిల్లా పాలరాపు గుట్ట. 2013లో అక్కడ పొడుగుముక్కు రాబందులు బయటపడ్డాయి. నిటారు గుట్ట, వెంచర్ వేయడం కుదరదు. అందుకే బతికాయని నా అనుమానం.

శాన్‌హోజేలో ఉండే మా అన్న కొడుకు, నా బాధ చూడలేక, పినకిల్స్ పార్కు నుంచి కాలిఫోర్నియా కాండర్ పక్షి వీడియో పంపాడు. మన రాబందుకు దగ్గరి చుట్టం కాదుగానీ కులవృత్తి ఒకటే. రెక్కలు చాపితే తొమ్మిదిన్నర అడుగులు. దాని బంతిలో పడ్డ విషం వేటగాళ్ల తూటాల్లోని సీసం. 1987లో లోకం మొత్తమ్మీద మిగిలినవి 27. అన్నిటినీ బోనుల్లో పెట్టి, పిల్లల్ని పెంచి, మళ్లీ ఎగరనిచ్చారు. ఇప్పుడు రెక్కకో నంబరు బిళ్ల.

మా ఆవిడ వీడియో చివరిదాకా చూసి, ‘‘నంబరు సరే, రిజిస్ట్రేషన్ అయిందా?’’ అంది.