హుగ్లీ నదిలో ఒక డ్రెడ్జరు ఆత్మకథ

నన్ను జూచి చక్కని ఓడయని మెచ్చుకొన్నవారిని నేనెఱుగను. ప్రక్కన వ్రేలాడు లావైన గొట్టమును, నడుమ నోరు తెఱచుకొనియున్న పెనుతొట్టిని, డెక్కుపై నెండి పెచ్చులుగట్టిన బురదను గాంచి, ఏ కర్మాగారమో దారితప్పి నీట బడినదని యనుకొనువారే యధికము. నేను డ్రెడ్జరును. కలకత్తా, హాల్దియా రేవులకు బోవు ఓడలదారిలో మేటవేయు నిసుకను బీల్చి తీసివేయుట నా వృత్తి.

కలకత్తా సముద్రతీరమున లేదన్న సంగతి మనవారిలో బలువురు మఱచుచుందురు. బంగాళాఖాతమునుండి యచ్చటికి జేరవలసిన ఓడ, నదీముఖమును నదియు గలిసి రెండువందల కిలోమీటర్లకు బైగా పైలటు చెప్పినట్లు నడచుకొనుచు నెదురెక్కవలెను. దారిపొడుగున నిసుకతిప్పలే. రూపనారాయణ నది వచ్చి కలియు తావున నున్నదానికి జేమ్స్ అండ్ మేరీ యని పేరు. 1694లో నచ్చట మునిగిన ఓడ పేరది. ఓడను మ్రింగిన తిప్పకు మూడు శతాబ్దములుగా పేరు నిలిచినది గాని, తిప్పలను మ్రింగు ఓడ పేరు తలచువారెవ్వరు?

ఈ యిసుక కంతయు మూలము నది స్వభావములోనే యున్నది. ఇచ్చట పోటు కొలదికాలములో నుద్ధృతముగా వచ్చును. పాటు చాలసేపు తాపీగా తీయును. కావున పోటు వెంట పైకి వచ్చిన యిసుకనంతయు పాటు తిరిగి మోసికొనిపోజాలదు. వానకాలపు వెల్లువ యా బాకీని కొంత తీర్చునుగాని, గంగాప్రవాహము తరతరములుగా తన వేఱొక పాయయగు పద్మవైపునకే మ్రొగ్గుటచే నెగువనీరు సన్నగిల్లెను. ఆ కొఱత దీర్చుటకే ఫరక్కా ఆనకట్టను గట్టి, 1975లో, 40,000 క్యూసెక్కుల వఱకు హుగ్లీ యెగువభాగమగు భాగీరథికి మరల్పగల కాలువను బారించిరి. రెండేండ్లకు హాల్దియా డాక్కు వచ్చినది. నీరు వచ్చినది, డాక్కు వచ్చినది. ఇసుక మాత్రము పోలేదు.

గొట్టమును వాలుగా నడుగునకు దించి, దాని కొననున్న డ్రాగ్‌హెడ్డను నినుపమూతిని నేలకానించి, మనిషి వడిగా నడచునంతటి వేగముతో నేను సాగిపోవుదును. పంపు లాగెడు నీటితో నిసుకయు గలిసివచ్చి తొట్టిలో బడును. ఇసుక క్రిందికి దిగును, తేరిన నీరు పైనుండి పొర్లి నదిలో గలియును. నిండినకొలది నా యొడలు నీటిలోనికి గ్రుంగును. అంతట గొట్టము నెత్తి, చూపిన చోటికి బోయి, అడుగుతలుపులు దెఱచినచో కొలది నిమిషములలో కడుపు ఖాళీ. మరల మొదటికి రావలెను.

నా సిబ్బందిలో విశాఖపట్టణపు వారు కొందఱున్నారు. 1976లో నేర్పడిన డ్రెడ్జింగు కార్పొరేషనుకు విశాఖయే కేంద్రమగుటచే నీ పని వారికి క్రొత్తగాదు. ఒకనాటి తెల్లవాఱుజామున, పంపు పీల్పును జూపు వాక్యూమ్ ముల్లు చటుక్కున నెగబ్రాకినది. "బాబాయ్, మూతికేదో తగులుకుంది, ఎత్తేద్దామా?" యని గొట్టము నడుపు కుఱ్ఱవా డడిగెను. "ఎత్తరా, ఇంకా చూస్తావేం? పోటు తిరిగేలోగా మళ్లీ దించాలి" అనెను సరంగు. పైకి వచ్చిన మూతి చట్రములో నాచుపట్టిన మోకు, చిరిగిన వల, వానిచుట్టు జిగటమన్ను. ఇద్దఱు గడ్డపారలతో బెఱుకుచుండగా మూడవవాడు కత్తితో మోకును గోసెను. ఆ తుంపులు డెక్కుపై నెండుచుండగనే గొట్టము మరల నీట మునిగినది. నా ప్రతాపమంతయు నిట్టి చేతులమీదనే నడచుచున్నదని యొప్పుకొనుటకు నాకు సిగ్గులేదు.

నాకున్న దొకటే మనోవ్యథ. తోడినదానిని దూరము మోసినచో చమురు ఖర్చు, కాలహరణము. అందుచే నదిలోనే కొంత లోతైన చోటు జూపి విడిచిపెట్టుమందురు. ఇల్లూడ్చిన చెత్తను గాలివాటు గుమ్మములోనే పోసినట్లు, అందులో కొంత తరువాతి పోటుతో నేను తీసిన తావునకే వచ్చి చేరుచుండును. ఎంత తోడితినో లెక్కకట్టుటలో నున్న శ్రద్ధ, ఎంత తిరిగివచ్చెనో చూచుటలో గానరాదు. తోడిన యిసుకను గొట్టములద్వారా గట్టున కెక్కించి పల్లపునేలలను మెఱకచేయుట లోకమున క్రొత్త విద్య కాదు. నావంటి ఓడలలో ననేకమునకు ఆ సాధనము ముందుభాగముననే యమర్చియుందురు. మొదట ఖర్చు హెచ్చగుమాట నిజమే. ఐనను, తీసినదానినే మరల మరల తీయించు ఖర్చును దానిప్రక్కన బెట్టి చూచి, వీలైనంత యిసుకను గట్టునకు జేర్పుడని నాకు పనిజెప్పు పెద్దలకు విన్నవించుకొనుచున్నాను.