పద్యానికి చాలని ప్లేటు, పంక్‌కు మిగిలిన ప్లేటు

హార్డ్‌కోర్ పంక్ 1980 ప్రాంతంలో అమెరికాలో ముదిరిన సంగీతం. గిటారు వీలైనంత గట్టిగా, డ్రమ్ము వీలైనంత వేగంగా, పాట వీలైనంత పొట్టిగా ఉండాలన్నది దాని శాస్త్రం. గాయకుడు పాడడు, అరుస్తాడు. ఎందుకు అరుస్తున్నాడో తెలిసేలోపు పాట అయిపోతుంది. దీని దాయాది ఆర్ట్ పంక్ కాస్త చదువుకున్నది. లండన్ బ్యాండు వైర్ 1977లో తెచ్చిన 'పింక్ ఫ్లాగ్' ఎల్‌పీలో సుమారు 35 నిమిషాలకు 21 పాటలున్నాయి. ఈ రెండు జాతుల బ్యాండ్లూ ఇప్పటికీ కొత్త పాటల్ని కొన్ని వందల వినైల్ ప్లేట్లుగా అచ్చేసి అమ్ముకుంటాయి. ఇటు శ్రీ సత్యసాయి జిల్లా నల్లచెరువు మండలంలో వేరుశనగ పండుతుంది గాని పంక్ పండదు. ప్లేటు మాత్రం రాయలసీమకు పాత చుట్టమే.

ప్లేటుతో వచ్చే మొదటి తగాదా చోటు దగ్గరే. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల లక్క ప్లేటులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది. తెలుగువాళ్లు దానిమీదికి ఎక్కించబోయింది రంగస్థల పద్యాన్ని. నాటకంలో మాటల నడుమ పాటలూ పద్యాలూ చొప్పించి పాడించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో ఇదే జిల్లా ధర్మవరంలోనే పుట్టారు కాబట్టి ఈ నేరంలో సీమకూ వాటా ఉంది. స్టేజీమీద నటుడు పద్యం చివర రాగం అందుకున్నాడంటే ఎప్పుడు దిగుతాడో హార్మోనియం మాస్టారుకు కూడా తెలియదు. దిగాక జనం వన్స్‌మోర్ అంటారు. యుద్ధంలో చచ్చినవాడు సైతం లేచి, దుమ్ము దులుపుకుని మళ్లీ పాడతాడు. అలాంటివాణ్ణి మైకు ముందు నిలబెట్టి మూడు నిమిషాల్లో ముగించమంటే ప్రాణం పోయినట్టే. అయినా కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటులు ఆ ఇరుకులోనే ఒదిగి ఊరూరా మోగారు. వన్స్‌మోర్‌కు మాత్రం ప్లేటును మించిన నటుడు లేడు. ముల్లెత్తి మొదట్లో పెడితే చాలు, అలగకుండా పాడుతుంది.

హార్డ్‌కోర్ వాళ్ల బాధ తలకిందులు. వాళ్లకు చోటు మిగిలిపోతుంది. ఇంగ్లండు బ్యాండు నాపామ్ డెత్ 1987లో 'స్కమ్' ఎల్‌పీలో పెట్టిన 'యూ సఫర్' నిడివి 1.316 సెకన్లు. అతి పొట్టి పాటగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ప్లేటు ఒక చుట్టు తిరిగేలోపే పాట సమాప్తం. అంతటితో ఊరుకోక 1989లో దాన్ని ఏడు అంగుళాల ప్లేటుకు ఒకవైపు, ఎలెక్ట్రో హిప్పీస్ అనే బ్యాండు అంతే పొట్టి పాటను రెండోవైపు వేసి, ఒక సంకలనంతోపాటు ఊరికే పంచారు. వినేవాడికి వినడంకన్నా ప్లేటు ఫిరాయించడమే పని. ఆ విద్యలో అంత వేగం మన రాజకీయ నాయకులకు కూడా లేదు.

పొట్టితనానికి సాంకేతికంగా ఒక లాభముంది. శబ్దం గట్టిదైతే ప్లేటుమీద గాడి అటూఇటూ ఎక్కువ ఊగుతుంది, చోటు ఎక్కువ తింటుంది. నిమిషాలు తక్కువైతే గాడిని మరింత ఊగనివ్వొచ్చు.

ఇక పెట్టుబడి సంగతి. వాషింగ్టన్‌లో టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండు 1980లో విడిపోతూ, కచేరీల్లో కూడబెట్టిన సుమారు 600 డాలర్లు పంచుకోకుండా ఎనిమిది పాటలతో వెయ్యి ప్లేట్లు వేయించింది. డిస్కార్డ్ అనే కంపెనీ అలా మొదలైంది. కవర్ల కోసం పాత కవరొకటి విప్పి, ఆ కొలతకు గీసి, కత్తిరించి, చేత్తో అతికించారు. ఆస్తి పంపకంలో ఇంత సామరస్యం మన అన్నదమ్ముల్లో అరుదు.

సీమ పల్లెల్లో జనం ప్లేటు కొనలేదు, అద్దెకు విన్నారు. పెళ్లికో జాతరకో మైకుసెట్టువాడు ప్లేట్ల పెట్టె, వేపచెట్టుకు కట్టే మైకు గొట్టం తెచ్చేవాడు. ఆ గొట్టంలోంచి శబ్దం పగిలి, మాటలు నలిగి, చెవులు గింగుర్లెత్తేలా పక్క ఊరిదాకా వెళ్లేది. అలాంటి మోతకోసమే పంక్ బ్యాండ్లు స్టూడియోల్లో చెమటోడుస్తాయి. సీమలో అది పెళ్లి ఖర్చులో కలిసే వచ్చేది.

ఇప్పుడు కొనేవాళ్ల లెక్క వేరు. వినైల్ కొన్న అమెరికన్లలో సగం మంది ఇళ్లలోనే ప్లేయరుందని 2023లో లూమినేట్ సంస్థ సర్వే తేల్చింది. మిగతా సగానికి ప్లేటు దేవుడి పటంతో సమానం, గోడకు తగిలిస్తే చాలు. అనంతపురం వైపు ఆ గోడ కూడా చూసుకోవాలి. పడమటి ఎండ తగిలిన వినైల్ అప్పడంలా వంగుతుంది. లక్క ప్లేటు కింద పడిందా, ముక్కలే.

నల్లచెరువు, కదిరి, ధర్మవరం ఇళ్లలో అటకమీద పద్యాల ప్లేట్లుంటే పాతసామాన్లవాడికి తూకానికి వేయకండి. పడుకోబెట్టి దొంతర పేర్చకండి, నిలబెట్టండి. కొత్త ప్లేయరుమీద వాయించాలనుకుంటే 78 ప్లేట్లకు వేరే ముల్లు కొనండి. వాటి గాడి ఎల్‌పీ గాడికి దాదాపు మూడింతల వెడల్పు.