380 మీటర్ల బాకీ

మాంచెస్టర్‌లో మనవాళ్లు మారథాన్ల మీద పడ్డారు. ఉద్యోగం మానకుండానే. అక్కడ పొద్దున్న ఆరంటే వేసవిలో హైదరాబాదులో పదిన్నర. ఫాలోఫీల్డ్ లూప్ అనే బాట మీద రెండో కిలోమీటరు దాటేసరికి చెవిలో హైదరాబాదు ఆఫీసు స్టాండప్ మీటింగ్ మొదలు. ‘‘ఏంటండీ అలా రొప్పుతున్నారు, ఒంట్లో బాలేదా?’’ ‘‘అబ్బే, బ్యాక్‌లాగ్ క్లియర్ చేస్తున్నా!’’

సాయంత్రం చూద్దామంటే వాన. డిసెంబర్లో అయితే నాలుగింటికే చీకటి. శనివారం తొమ్మిదింటికి పార్క్‌రన్ ఉంది, 5 కిలోమీటర్లు, పైసా ఖర్చు లేదు. సరిగ్గా అప్పుడే అబ్బాయిని ఈతకు దింపాలి.

ఇన్ని తిప్పలు పడి పరిగెత్తేవాళ్లకు ఆ ఊరు ఒకప్పుడు చేసిన మర్యాద వినండి. 2013, 14, 15 వరసగా మూడేళ్లు గ్రేటర్ మాంచెస్టర్ మారథాన్ దారి 380 మీటర్లు పొట్టి! 2016లో గుట్టు రట్టయింది. దాదాపు 24,000 మంది టైములు చెల్లవన్నారు. తెల్లారుజాము నిద్ర చంపుకుని, లీవులు దాచుకుని, మేనేజరుకు మోకాలి నొప్పి కథలు అల్లి, తీరా పరిగెత్తింది 42.195 కాదు, 41.815 కిలోమీటర్లు. బంకులో పెట్రోలు తగ్గితే తూనికలు కొలతల వాళ్లున్నారు. అలుపు తగ్గించి కొలిస్తే ఎవరికి మొరపెట్టుకోవాలి?

ఒక్క మేనేజర్లకే ఇందులో తప్పేమీ కనిపించదు. 99 శాతం అయిపోయిందిగా! ‘డన్’ అని టికెట్ మూసేసి, మిగిలిన 380 మీటర్లు వచ్చే స్ప్రింట్‌లోకి నెట్టేసేవారు.